కణం కదిలిన కథ

హైస్కూలు చదువు చదివిన ప్రతివారికీ ఒక బొమ్మ గుర్తుండే ఉంటుంది. ఒక పెద్ద గుండ్రం, దాని మధ్యలో ఒక చిన్న గుండ్రం, చుట్టూ చుక్కలు, పక్కన గీతలు గీసి పేర్లు. అదే జీవకణం. పదో తరగతి దాటగానే కామర్సు పట్టుకుని, ఆ పైన బ్యాంకు ఉద్యోగంలో ప్రవేశించిన నాబోటివాడికి జీవశాస్త్రమంటే మిగిలింది ఆ బొమ్మ ఒక్కటే. అందులో కదలిక లేదు. అసలు కణమో, బతికి ఉన్నంతకాలం ఒక్క క్షణం ఊరుకోదు. సరుకు తెచ్చుకుంటుంది, వండుకుంటుంది, చెత్త ఊడ్చి పారేస్తుంది, వేళకు రెండుగా చీలి రెండు కాపురాలు పెడుతుంది.

ఇంత చలనం ఉన్నదాన్ని ఇంత నిశ్చలమైన బొమ్మతో బోధించవలసి రావడం జీవశాస్త్రపు పాత ఇబ్బంది. ఆ ఇబ్బందిని తీర్చడానికి మనుషులు వంద సంవత్సరాలకు పైగా పడిన పాట్లలో చివరిది యానిమేషన్, అంటే కదిలే బొమ్మలు. ఈనాడు వాడిపట్టి పిల్లవాడు కూడా చేతి ఫోనులో కణవిభజనను చూడగలుగుతున్నాడు. ఈ సౌకర్యం ఎక్కడ పుట్టి ఎలా నడిచి మనదాకా వచ్చింది, వచ్చినదాన్ని మన పిల్లల కోసం మనం ఎలా వాడుకోవాలి అన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

మూడు భాషల పిల్లలు

వాడిపట్టి మదురై నుంచి దిండిగల్ పోయే రహదారి మీద, సిరుమలై కొండల చెంతన ఉన్న ఊరు. పెరియార్ కాలువ నీళ్ళు, వరి, కొబ్బరి, కాస్త దూరంలో చోళవందాన్ తమలపాకు తోటలు. ఈ ప్రాంతానికి తెలుగు ఎలా వచ్చిందో పాఠకులకు తెలియనిది కాదు. విజయనగర ప్రభువుల కాలంలో, సాధారణంగా 1529గా చెప్పే సంవత్సరంలో విశ్వనాథ నాయకుడు మదురై పాలన చేపట్టాడు. సీమను 72 పాళయాలుగా ఏర్పరచాడని ప్రసిద్ధి. ఆ నాయక రాజ్యం 1736లో అంతరించింది. రాజ్యం పోయినా భాష ఇంట్లో నిలిచింది. కోయంబత్తూరు సీమలోనూ ఇదే కథ. నాయుళ్ళు, నాయకులు, రెడ్లు, దేవాంగులు, ఇంకా ఎందరో అమ్మతో తెలుగు, అంగడిలో తమిళం మాట్లాడుతూ తరాలు గడిపారు.

ఇప్పటి మన పిల్లలకు మూడో భాష కూడా తోడయింది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. తమిళనాడు ప్రభుత్వం 2006లో చేసిన చట్టంతో బడిలో తమిళం మొదటి భాషగా తప్పనిసరి అయింది. మన ప్రాంతంలో అంతకు ఎంతో ముందు నుంచే చదువు తమిళంలోనే సాగుతోంది. తమిళం మనకు అన్నం పెట్టిన భాష. దాని మీద ఫిర్యాదు లేదు. ఒక్క సంగతి మాత్రం గమనించాలి. మన పిల్లవాడు తెలుగులో ఆకలి చెప్పగలడు, అలక చెప్పగలడు, పొలం సంగతి చెప్పగలడు. తన ఒంట్లో జరుగుతున్నది చెప్పమంటే తెలుగు మాట దొరకదు. తెలుగు పుస్తకంలో కేంద్రకం అన్నది అతనికి ఉట్కరు. కణజాలం అన్నది తిసు. కణాన్ని మాత్రం మూడు చోట్లా సెల్ అనే అంటాడు. ఇంట్లో అవ్వ ఆ మాట వింటే చేతి ఫోను అనుకుంటుంది!

చచ్చిన కణాల నుంచి బతుకు చరిత్ర

సెల్ అన్న పేరు పెట్టినవాడు రాబర్ట్ హుక్. 1665లో ఆయన బెండుముక్కను పలుచగా కోసి, సూక్ష్మదర్శినిలో చూసి, వరుసగా ఉన్న ఖాళీ అరలకు ఆ పేరు పెట్టాడు. ఆ మాటకు చిన్న గది అని అర్థం. ఆయన చూసినవి ఎప్పుడో చచ్చిన కణాల గోడలు. హాలెండులో బట్టల వర్తకుడు లేవెన్‌హుక్ తాను స్వయంగా అరగదీసుకున్న అద్దాలతో 1670ల్లో నీటిబొట్టులో తిరుగాడే సూక్ష్మజీవులను చూశాడు. ఆయన చూసినదానికి ప్రాణమూ ఉంది, కదలికా ఉంది. పుస్తకానికి ఎక్కవలసి వచ్చేసరికి అదీ నిలిచిపోయిన బొమ్మే అయింది.

1831లో రాబర్ట్ బ్రౌన్ మొక్కల కణాలలో కేంద్రకానికి పేరు పెట్టాడు. 1838లో ష్లైడెన్ మొక్కలకు, 1839లో ష్వాన్ జంతువులకు కణాలే ఆధారమన్నారు. కణం నుంచే కణం పుడుతుందన్న సూత్రాన్ని విర్కోవ్ 1850లలో నిలబెట్టాడు. మరి పుట్టడం ఎలా? ఈ ప్రశ్నకు జవాబు వెతికినవారిలో ముఖ్యుడు జర్మనీలోని కీల్ నగరంలో పనిచేసిన వాల్టర్ ఫ్లెమింగ్.

ఫ్లెమింగ్ చేసిన పని ఆలోచించే కొద్దీ ఆశ్చర్యం కలుగుతుంది. సలమాండర్ అనే జంతువు పిల్లల కణాలు పెద్దవి, చూడడానికి అనువైనవి. వాటికి రంగులు అద్ది చూస్తే కొన్ని కణాలలో దారపు ఉండ, కొన్నిటిలో మధ్యకు చేరిన దారాలు, కొన్నిటిలో రెండు కొనలకు విడిపోయిన దారాలు కనిపించాయి. రంగు అద్దేసరికి కణం చచ్చిపోతుంది. చచ్చిన కణం మరుక్షణం ఏం చేసేదో చెప్పదు. వేరు వేరు కణాల బొమ్మలను ముందు వెనుకలు సరిచూసి, బతికి ఉన్న కణాలను కూడా గమనించి పోల్చుకుని, ఇది ముందు, ఇది తరువాత అని వరుస తేల్చాడు. 1882లో వెలువరించిన గ్రంథంలో దానికి మైటోసిస్ అని పేరు పెట్టాడు. గ్రీకులో ఆ మాటకు మూలం దారం.

మా వృత్తి భాషలో చెప్పాలంటే మార్చి 31 నాటి ఆస్తి అప్పుల పట్టీలు మాత్రమే చేతికిచ్చి, ఆ వ్యాపారం ఏడాది పొడవునా ఎలా నడిచిందో చిట్టా రాయమన్నట్టు. ఫ్లెమింగ్ ఆ చిట్టా రాశాడు. మన పాఠ్యపుస్తకాలు మాత్రం అందులోంచి నాలుగు పుటలు చించి పిల్లల చేతిలో పెట్టాయి. ప్రథమ దశ, మధ్య దశ, చలన దశ, అంత్య దశ అని నాలుగు బొమ్మలు. పిల్లలు వాటిని నాలుగు వేరు వేరు వస్తువుల్లా బట్టీ పడతారు. ఒకే సంఘటనలోని నాలుగు క్షణాలన్న స్పృహ చాలామందికి కలగదు. యానిమేషన్ పుట్టడానికి కారణమైన లోటు ఇదే.

తెర మీదికి కణం

ఆ బొమ్మల మధ్య ఖాళీలను మొదట పూరించింది సినిమా. 1907 ప్రాంతాన స్విట్జర్లాండులో యూలియస్ రీస్ సముద్రపు అర్చిన్ గుడ్డు ఫలదీకరణం చెంది విభజన పొందడాన్ని చిత్రించాడు. ఫ్రాన్సులో వైద్యుడు జాన్ కొమాందాఁ పాతే కంపెనీ సాయంతో సూక్ష్మదర్శినికి సినిమా కెమెరా బిగించి తీసిన చిత్రాలను 1909లో పారిస్ విజ్ఞాన పరిషత్తు ముందు ప్రదర్శించాడు. 1920ల చివర లండన్ వైద్యుడు రోనాల్డ్ కాంటి సజీవ కణాలను పెంచుతూ, నిదానంగా జరిగేదాన్ని తెర మీద వేగంగా చూపించాడు. ఇందులోని కిటుకు సులువైనదే. సెకనుకు ఎన్నో బొమ్మలు తీసే బదులు చాలా సెకన్లకు ఒక్క బొమ్మ తీసి, వేసేటప్పుడు మామూలు వేగంతో వేస్తే గంటల పని నిమిషాల్లో చూడవచ్చు.

ఇంకొక చిక్కు మిగిలింది. బతికిన కణం గాజులా పారదర్శకం. రంగు వేస్తే చస్తుంది, వేయకుంటే కనబడదు. దీనికి మందు కనిపెట్టినవాడు హాలెండు భౌతిక శాస్త్రజ్ఞుడు ఫ్రిట్స్ జెర్నికే. కాంతి తరంగాల దశలోని తేడాలను వెలుగునీడలుగా మార్చే పద్ధతిని 1930లలో రూపొందించాడు. దానికి 1953లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆ పద్ధతితో కుర్ట్ మిషెల్ మిడత కణాల విభజనను చిత్రించిన ఫిల్ము 1943 నాటిది. ఫ్లెమింగ్ బొమ్మలు పేర్చి ఊహించిన వరుస నిజమేనని తెర మీద అందరూ చూశారు.

ఈ కాలంలో మన వైపు సినిమా లేకపోలేదు. 1905లో రైల్వే ఉద్యోగి సామికన్ను విన్సెంట్ ఒక ఫ్రెంచివాడి దగ్గర ప్రొజెక్టరు కొని ఊరూరా గుడారం వేసి బొమ్మలు చూపించాడు. 1914లో కోయంబత్తూరులో వెరైటీ హాలు కట్టాడు. ఆ ఊళ్ళోనే మన తెలుగువాడు శ్రీరాములు నాయుడు పక్షిరాజా స్టూడియో నడిపాడు. మరొక తెలుగువాడు జి.డి. నాయుడు కెమెరా అంటే ప్రాణం పెట్టేవాడు, పత్తి, బొప్పాయి మొక్కల మీద ప్రయోగాలూ చేసేవాడు. యంత్రమూ ఉంది, ఆసక్తీ ఉంది. అయినా కోయంబత్తూరు తెర మీద రాజులూ దొంగలూ కదిలారు గాని కణం కదలలేదు. బడికి ప్రొజెక్టరు కొనే స్తోమత ఎక్కడిది?

కెమెరాకు అందనిది

కెమెరా కణాన్ని చూపించగలిగింది. కణం లోపల పనిచేసే అణువులను చూపించలేకపోయింది. అవి కాంతి తరంగం కంటే ఎంతో చిన్నవి. అక్కడికి చేరాలంటే చిత్రకారుడే దిక్కు. 1971లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రోటీన్ల తయారీని చూపించడానికి ఒక తమాషా పద్ధతి ఎన్నుకున్నారు. విద్యార్థులను మైదానంలో నాట్యం చేయించి, ఒక్కొక్కరు ఒక్కొక్క అణువుగా నటించగా ఫిల్ము తీశారు. ముందుగా విషయం వివరించినవాడు పాల్ బెర్గ్. ఆయనకు 1980లో నోబెల్ వచ్చింది. మనుషుల చేత ఆడించిన ఈ ఆటను తరువాత కంప్యూటరు ఆడించింది.

ఆస్ట్రేలియాలో డ్రూ బెర్రీ మొదలైనవారు ఈ విద్యలో పేరు పొందారు. 2006లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం కోసం ఎక్స్‌వివో అనే సంస్థ తయారుచేసిన కణాంతర జీవన చిత్రం లోకమంతా చుట్టింది. రక్తనాళంలో దొర్లుతూ వచ్చిన తెల్ల రక్తకణం వాపు ఉన్నచోట ఆగి గోడ దాటి పోవడం, ఆ పనికి దాని లోపల జరిగే సన్నాహం అందులో చూపిస్తారు. అందరికీ గుర్తుండేది ఒక దృశ్యం. కైనెసిన్ అనే ప్రోటీను రెండు కాళ్ళతో, తలకు మించిన మూట ఒకటి నెత్తిన పెట్టుకుని, తాడు మీద దొమ్మరివాడిలా అడుగులు వేస్తూ పోతుంది. ఒక్కొక్క అడుగు 8 నానోమీటర్లు. ఒక్కొక్క అడుగుకు ఒక ఏటీపీ అణువు ఖర్చు.

ఆ ఏటీపీ దగ్గర మనం కాస్త ఆగాలి. భీమవరంలో 1895లో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, 1920లలో హార్వర్డ్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావు తన గురువు సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరాల నుంచి ఏటీపీని కనుగొన్నది 1929లో. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. కణంలో ఏ పనికైనా చెల్లుబాటయ్యే రొక్కం ఏటీపీ. నోటు చేతులు మారినట్టు అది ఖర్చవుతూ, మళ్ళీ తయారవుతూ ఉంటుంది. ఒక మనిషి ఒంట్లో రోజంతా ఇలా చెలామణి అయ్యేది సుమారుగా అతని బరువంత ఉంటుందని అంచనా. నిలువ మాత్రం ఏ క్షణానికైనా కొన్ని పదుల గ్రాములే. నిలువ బొమ్మ చూస్తే పేదరికం, చెలామణి చూస్తే మహా వ్యాపారం! కదిలే బొమ్మ ఎందుకు కావాలో ఇంతకంటే చెప్పనక్కరలేదు. కణాన్ని గురించిన ప్రతి యానిమేషన్‌లోనూ మన తెలుగువాడు చేయి పెట్టిన నాణెం చెల్లుతోందని వాడిపట్టి పిల్లవాడికి ఎవరైనా చెప్పారా?

మన బడుల దాకా

మన దేశంలో ఫిల్మ్స్ డివిజన్ 1956లో కార్టూన్ విభాగం ప్రారంభించి, డిస్నీ సంస్థలో పనిచేసిన క్లేర్ వీక్స్ చేత శిక్షణ ఇప్పించింది. 1975 ఆగస్టు నుంచి ఒక సంవత్సరం పాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఉంది, తమిళనాడు లేదు. తెలుగులో మాట్లాడిన ఆ పెట్టె మనదాకా రాలేదు. 1984 ఆగస్టు 15న యూజీసీ వారి దేశవ్యాప్త తరగతి దూరదర్శన్‌లో మొదలయింది. అది కాలేజీ పిల్లలకు, ఇంగ్లీషులో.

మన హైస్కూళ్ళకు కదిలే కణం నిజంగా చేరింది ఇటీవలే. తమిళనాడు కొత్త పాఠ్యపుస్తకాలలో 2018-19 నుంచి క్యూఆర్ గుర్తులు ముద్రించారు. ఫోను చూపితే పాఠం తెర మీదికి వస్తుంది. 2019 ఆగస్టులో కల్వి తొలైక్కాట్చి ఛానల్ ప్రారంభమయింది. ఆరువేల పైచిలుకు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలకు కంప్యూటరు ప్రయోగశాలలు మంజూరయ్యాయి. 2023లో మణర్కేణి యాప్ వచ్చింది. ఇవన్నీ మెచ్చదగ్గ పనులు. పాఠం చెప్పే గొంతు మాత్రం తమిళం, లేదా ఇంగ్లీషు.

బొమ్మను నమ్మడంలో జాగ్రత్త

యానిమేషన్ పెట్టినంతమాత్రాన చదువు వచ్చేస్తుందనుకోవడం పొరపాటు. 2002లో బార్బరా ట్వర్‌స్కీ, మరి ఇద్దరు పరిశోధకులు ఈ విషయాన్ని తరచి చూసి, కదిలే బొమ్మ గెలిచిందన్న చోట్ల చాలావరకు దానిలో నిలిచిన బొమ్మ కంటే అదనపు సమాచారం ఉందని చూపించారు. కదిలే బొమ్మ క్షణంలో దాటిపోతుంది, చూసేవాడి బుద్ధి వెనకబడుతుంది అన్నారు. 2007లో జర్మనీ పరిశోధకులు హోఫ్లర్, లాయిట్నర్ 26 అధ్యయనాలలోని 76 పోలికలను కలిపి లెక్కకట్టగా మొత్తం మీద కదిలే బొమ్మకే మొగ్గు కనబడింది. అదీ ఒక మోస్తరు మొగ్గే. ఇది బోధనకు సాయపడే పనిముట్టు. ఉపాధ్యాయుడికి మారు కాదు.

ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. యానిమేషన్ ఫోటో కాదు, గీసిన బొమ్మ. మూట మోసే కైనెసిన్ బుద్ధిపూర్వకంగా దారి తెలిసి నడుస్తున్నట్టు కనిపిస్తుంది. నిజానికి అక్కడ నీటి అణువులు అన్ని వైపుల నుంచీ ఎడతెగకుండా ఢీకొడుతుంటాయి. ఆ తోపులాటలోనే అడుగు ముందుకు పడుతుంది. కేంద్రకానికి పేరు పెట్టిన రాబర్ట్ బ్రౌనే 1827లో పుప్పొడి లోపలి సూక్ష్మ రేణువులు నీటిలో ఊరికే గంతులు వేయడం చూశాడు. ఆ గంతులే ఇవి. అలాగే 2006 చిత్రంలో కణం లోపల విశాలమైన మైదానంలా ఉంటుంది. అసలు కణం చిత్తిరై తిరువిళాలో మదురై వీధిలా కిక్కిరిసి ఉంటుంది. ఆ తయారీదారులే 2013లో తీసిన మరో చిత్రంలో ఈ రద్దీని చూపించి లోపం సరిదిద్దుకున్నారు. తోలుబొమ్మలాటలో రావణుడు తెర మీద ఊగుతుంటే అది తోలేనని మనకు తెలుసు. యానిమేషన్ చూసే పిల్లవాడికీ ఆ ఎరుక కలిగించాలి.

అందుకు ఖర్చు లేని మార్గం ఉంది. ముందు అసలు కణాన్ని చూపించండి. ఉల్లిగడ్డ లోపలి పొర, ఒక చుక్క అయోడిన్, బడిలోని సూక్ష్మదర్శిని చాలు. చోళవందాన్ తమలపాకు పొర కూడా పనికి వస్తుంది. ఆ తరువాత కదిలే బొమ్మ వేయండి. మధ్యలో ఆపి, ఇప్పుడేమవుతుంది అని అడగండి. చివర పిల్లల చేతనే నాలుగు దశల బొమ్మలు గీయించండి. అప్పుడా నాలుగు బొమ్మలు నాలుగు వస్తువులుగా కాక ఒక నడకలోని నాలుగు అడుగులుగా కనిపిస్తాయి.

గొంతు ఎవరిది?

ఇక అసలు సంగతి. కదిలే బొమ్మకు భాష లేదు. ధ్వని ఆపి చూస్తే అది తమిళుడికీ తెలుగువాడికీ ఒకటే. పుస్తకాన్ని అనువదించడం పెద్ద పని. బొమ్మకు మాట జోడించడం ఇంట్లో కూర్చుని చేయగల పని. ఇంతకాలం మన భాషకు అందని శాస్త్రం మన వాకిట్లోకి రావడానికి ఇదొక సందు.

తెలుగు మాటలు లేవన్న బెంగ అక్కరలేదు. ఇంగ్లీషువారు అనాఫేజ్ అనే దశను మన పుస్తకాలు చలన దశ అంటాయి. దారాలు రెండు వైపులకూ కదిలిపోయే దశ అది. మాట వింటేనే బొమ్మ కళ్ళకు కడుతుంది. తమిళ పాఠంలో ఎక్కువగా ఇంగ్లీషు పేరే తమిళ లిపిలో ఉంటుంది. ఈ ఒక్క మాట తెలిసిన మన పిల్లవాడు పరీక్షలో తమిళంలోనే రాసినా అర్థం చేసుకుని రాస్తాడు. ఇంటి భాష బడి భాషకు అడ్డం రాదు, ఆసరా అవుతుంది.

శాస్త్రాన్ని తెలుగులో చెప్పాలన్న పట్టుదల కూడా మనకు కొత్త కాదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు మొదలైనవారు విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించి ప్రకృతి శాస్త్రాలను తెలుగులో అచ్చువేశారు. ఆయన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నది ఏ గుంటూరులోనో కాదు, మద్రాసులో. తమిళ నేల మీద నిలబడి తెలుగులో శాస్త్రం చెప్పిన సంప్రదాయం మనది.

మన సంఘాలు పండుగలకు సన్మానాలు జరుపుతాయి. మంచిదే. ఏడాదికి ఒక్క ఆదివారం ఒక తెర కట్టి, కదిలే కణాన్ని ధ్వని లేకుండా వేసి, పదవీ విరమణ చేసిన ఒక సైన్సు ఉపాధ్యాయుడి చేత తెలుగులో చెప్పించలేవా? తెలుగు, తమిళం, ఇంగ్లీషు మాటలు పక్కపక్కన పెట్టి తెలుగు మాటను తమిళ లిపిలో కూడా రాసి ఒక పుట అచ్చువేస్తే, తెలుగు లిపి రాని పిల్లలూ చదువుకుంటారు. యాభై మాటలు చాలు.

వంటింట్లో మాత్రమే మిగిలిన భాష ఎన్నాళ్ళో బతకదు. పిల్లవాడు కొత్తగా నేర్చుకున్న విషయాన్ని ఆ సాయంత్రం అవ్వకు తెలుగులో చెప్పగలిగితే, అవ్వ విని ఇంకొక ప్రశ్న వేస్తే, ఆ ఇంట్లో తెలుగు మరో తరం నడుస్తుంది.